సాల్‌కర్ర చట్రపు పల్లె ఇల్లు: మాంగో పరిసరాలు, ఉత్తరాంధ్ర

నిర్వచనం, పరిధి

కప్పు బరువును నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు కలిసిన కొయ్యచట్రం నేలకు దించితే దాన్ని కొయ్యచట్రపు ఇల్లు అంటారు. అలాంటి ఇంట్లో గోడ పని వేరు. ఎండనూ వాననూ ఆపడం, గదులను విడదీయడం, పశువులనూ పరాయి చూపునూ బయట ఉంచడం దాని వంతు. గోడను పడగొట్టినా కప్పు నిలిచి ఉందంటే ఆ కట్టడం పూర్తిగా చట్రానిదే. ఈ రకం పేరు చెప్పగానే వాస్తు గ్రంథాలు ఇంగ్లండు రైతు ఇళ్లను చూపిస్తాయి. ఓక్ దూలాల నల్లటి గీతల మధ్య తెల్లని సున్నపు పలకలతో కనిపించే ఆ ఇళ్లు ప్రపంచమంతటా బొమ్మల్లో పరిచితం. జంషెడ్‌పూర్‌కు సువర్ణరేఖ అవతలి ఒడ్డున ఉన్న మాంగో నుంచి డిమ్నా, పటమ్దా, బోడామ్ దిక్కుగా దల్మా కొండల అడుగున పరుచుకున్న సంతాల్, హో, భూమిజ్, కుర్మీ మహతో పల్లెల ఇళ్లను మాత్రం అదే గ్రంథాలు మట్టి ఇళ్లు అనే ఒక్క మాటతో దాటేస్తాయి. ఉత్తరాంధ్ర పెంకుటిళ్లకూ తాటాకిళ్లకూ జరిగింది ఇంచుమించు ఇదే.

ఈ రెండు ప్రాంతాలను ఒకే శీర్షిక కింద చేర్చడానికి ఆధారం అడవి. సాల్ చెట్టును తెలుగులో గుగ్గిలం చెట్టనీ, సంతాలీ, హో, ముండారీ భాషల్లో సర్జోమ్ అనీ అంటారు. జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న సింగ్‌భూంలో దట్టంగా పెరిగే ఈ చెట్టు మయూర్‌భంజ్ మీదుగా కోరాపుట్ వైపు సాగి, శ్రీకాకుళం, విశాఖ మన్యం కొండల దగ్గర దాదాపు ఆగిపోతుంది. దారి పొడవునా ఇంటి కర్ర చాలావరకు అదే. ఉక్కు కర్మాగారంలో పనికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు విడిచి వచ్చిన ఇళ్లకూ, వచ్చాక చుట్టుపక్కల చూసిన ఇళ్లకూ నిర్మాణంలో పోలిక ఉండడంలో వింత లేదు. ఈ ఇళ్లను కొయ్యచట్రపు కుటుంబంలో లెక్కించడం సబబేనా, అయితే ఏ హద్దుల మేరకు అన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా పరిశీలించే ప్రశ్న.

చూడండి: మండువా లోగిలి, చుట్టిల్లు, సాల్ అడవులు

చరిత్ర

ఇంగ్లండులో తొలి దశ ఇళ్ల స్తంభాలు నేలలో పాతినవే. తడి నేలలో కర్ర మొదలు కొన్ని దశాబ్దాలకే కుళ్లిపోయేది కాబట్టి ఆనాటి పల్లె ఇళ్లలో మిగిలినవి పురావస్తు తవ్వకాల్లో బయటపడే గుంతల గుర్తులే. 12, 13 శతాబ్దాల నాటికి స్తంభాన్ని రాతి దిమ్మ మీదో, నేల వెంట పరిచిన అడుగుదూలం మీదో నిలపడం స్థిరపడింది. నేడు నిలిచి ఉన్న పాత కట్టడాలు ఆ మార్పు తరవాతివి. ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్ బార్లీ కొట్టం 13వ శతాబ్దం తొలి దశాబ్దాలది. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండిన బేలీఫ్ రైతు ఇల్లు 15వ శతాబ్దం తొలినాళ్లది. 1960ల చివర అక్కడ జలాశయం కట్టడంతో ఆ ఇంటిని కర్రకు కర్ర విప్పి, ససెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. విప్పి మళ్లీ బిగించగలగడం చట్రపు ఇంటి స్వభావం. మట్టిగోడ మీదే ఆధారపడిన ఇంటికి ఆ వీలుండదు.

సింగ్‌భూం నుంచి ఉత్తరాంధ్ర దాకా సాగే ఈ సాల్ మండలంలో ఇంత పాత ఇళ్లు నిలిచి లేవు. చెదలు, వాన, తాటాకుకూ గడ్డికీ అంటుకునే నిప్పు ఒక కారణం. ఇంటిని శాశ్వతమైన వస్తువుగా చూడకపోవడం మరో కారణం. కర్రను కొత్త ఇంటికి మార్చుకుంటారు, గోడ మట్టిని మళ్లీ తొక్కి వాడుకుంటారు. అందువల్ల ఇక్కడి ఇంటి చరిత్ర కట్టడాల్లో కన్నా కర్ర ఎవరి చేతిలో ఉందన్న విషయంలో ఎక్కువగా కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర సింగ్‌భూం అడవులు రిజర్వు అయ్యాయి. 1890ల్లో బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే ఈ ప్రాంతం గుండా సాగింది. సాల్ కర్ర స్లీపర్లకు శ్రేష్ఠం కావడంతో పెద్ద మానులు ఆ దారి పట్టాయి. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం కొన్ని సంప్రదాయ హక్కులను గుర్తించినా, రిజర్వు అడవిలోని నిటారు దుంగ రైతు ఇంటికి చేరడం ఏటికేడు కష్టమైంది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, సాక్చీ దగ్గర కర్మాగారం లేచి, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చాక ఏటి ఇవతల ఉక్కు, ఇటుక, సిమెంటు దొరికే బజారు ఏర్పడింది. 1970ల చివర అటవీ అభివృద్ధి సంస్థ సింగ్‌భూంలో సాల్ చెట్లు కొట్టి టేకు నాటబోయినప్పుడు పెద్ద ఎత్తున జంగిల్ ఆందోళన చెలరేగింది. 1980 సెప్టెంబరు 8న గువాలో జరిగిన కాల్పులు ఆ పోరాటంలో భాగమే. ఆ ఆందోళనను పువ్వు, ఆకు, గింజ, పూజ కోణాల నుంచి వివరించిన రాతలు చాలా ఉన్నాయి. ఇంటి వాసం, అరక, దూలం కూడా ఆ చెట్టు నుంచే వచ్చేవన్న సంగతికి వాటిలో దక్కిన చోటు తక్కువ.

చూడండి: జంగిల్ ఆందోళన, ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం

రకాలు

బరువు ఏ దారిన నేలకు చేరుతుందన్న కొలమానంతో చూస్తే ఈ ఇళ్లు మూడు తరగతులవుతాయి. మొదటిది పూర్తి చట్రం. స్తంభాలు పాతి, దూలాలు ఎక్కించి, కప్పు వేశాక స్తంభాల మధ్య వెదురు లేదా సన్నపు కొమ్మల తడిక కట్టి రెండు వైపులా మట్టి మెత్తుతారు. ఉత్తరాంధ్రలో తడికెల గోడ అనేది ఇదే. ఇంగ్లండు ఓక్ చట్రాల నడుమ పలకలను నింపిన పద్ధతికీ దీనికీ సూత్రంలో తేడా లేదు, అక్కడ హేజెల్ కొమ్మలు, ఇక్కడ వెదురు. పేద ఇళ్లు, పశువుల కొట్టాలు, కొత్తగా వేరుపడ్డ కాపురాల ఇళ్లు ఎక్కువగా ఈ తరగతివి.

రెండోది మిశ్రమ చట్రం. ఇక్కడి సంప్రదాయంలో అన్నిటికన్నా విస్తారమైనదీ, అందరూ మట్టి ఇల్లు అనేసేదీ ఇదే. వెనుక, పక్క గోడలు అడుగున్నర నుంచి రెండడుగుల మందాన వరసలు వరసలుగా పెట్టిన మట్టివి. ఒక వరస ఆరాకే మరో వరస పెడతారు. ముందువైపు పంచ, నడిమి పెరడు చుట్టూ వసారాలు మాత్రం పూర్తిగా కొయ్య స్తంభాల మీద నిలుస్తాయి. మండువా లోగిలి ఈ తరగతికే చెందుతుంది. అక్కడ బయటి గోడలు మట్టివో ఇటుకవో కాగా, నడిమి వాకిలి చుట్టూ ఉన్న స్తంభాల వరసే ఇంటి లోపలి కప్పును మోస్తుంది. తెలంగాణలో భవంతి ఇల్లు అని పిలిచే కట్టడం కూడా ఈ కోవలోదే.

మూడోదాన్లో గోడే అంతా మోస్తుంది. కర్ర పని కప్పుకూ అంతస్తుకూ పరిమితం. పటమ్దా నుంచి పురూలియా దాకా కుర్మీ మహతో రైతులు కట్టుకునే రెండంతస్తుల మట్టి ఇల్లు, అంటే మాట్‌కోఠా, దీనికి చక్కటి నమూనా. అందులో మేడ నేల సాల్ దూలాల మీద వెదురు బద్దలు పరిచి, పైన మట్టి దిమ్మిస చేసినది. దీన్ని చట్రపు ఇల్లు అనలేం. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఈ మూడింటిలో దేనికీ సరిగా ఒదగదు. గుండ్రటి పొట్టి మట్టిగోడ, దాని మీద శంకువులా లేచి చూరు దాదాపు నేలను తాకే తాటాకు కప్పు దాని రూపం. గాలికి అడ్డు పడే నిలువు ముఖం లేకపోవడమే తుఫాను తీరంలో దాని బలం. హరిపురం నుంచి తెచ్చిన అలాంటి ఇంటిని చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో చూడవచ్చు.

చూడండి: తడికెల గోడ, మాట్‌కోఠా, దక్షిణచిత్ర

చట్రం పనిచేసే తీరు

పల్లె చట్రంలో మొదట గమనించాల్సింది స్తంభం తల. ఇంగ్లండు వడ్రంగి దూలం కొసను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన బెజ్జంలో దింపి, రెండింటినీ అడ్డంగా తొలిచి ఓక్ చీల దిగగొడతాడు. పచ్చి ఓక్ ఆరి ముడుచుకున్నకొద్దీ ఆ బిగింపు గట్టిపడుతుంది. దల్మా పల్లెల్లో చాలాచోట్ల ఈ పనిని చెట్టే చేసి పెడుతుంది. కొమ్మ చీలిన చోట పంగ ఉండేలా సాల్ కర్రను ఏరుకుని, ఆ పంగలో దూలాన్ని పడుకోబెట్టి, అడ్డాకు తీగ నార తాడుతోనో సబాయ్ గడ్డి తాడుతోనో చుట్లు చుట్టి కడతారు. పంగ లోపలి వంపును గొడ్డలితో కొద్దిగా చెక్కి దూలం గుండ్రానికి సరిపోయేలా చేస్తారు. తాడును తడిపి బిగిస్తారు, అది ఆరుతూ ముడుచుకుంటుంది. ఇనుప మేకు లేదు, చీల లేదు. బరువంతా పంగ మీదే పడుతుంది, తాడు దూలాన్ని పక్కకు జరగనివ్వదు, అంతే. అడవి నుంచి పెద్ద దుంగ తెచ్చుకోలేని రైతుకు వంకర కొమ్మ కూడా పనికొచ్చేది ఈ పద్ధతి వల్లే. రిజర్వు అడవుల కాలంలో ఇది నిలిచి ఉండడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

ఉత్తరాంధ్ర తాటాకింట్లో నడిమి బరువు నిట్రాడుది. వెన్నుదూలాన్ని మోసే ఈ నిలువు కంబం ఇంటి పొడవును బట్టి ఒకటో రెండో ఉంటుంది. మండువాలో సంగతి వేరు. అక్కడ స్తంభం రంపపు పనిది, నునుపు పట్టినది, ఆ పైన బోదె అనే అడ్డపలక ఉంటుంది. బోదెను నగిషీకి పెట్టిన అలంకారం అనుకోవడం పొరపాటు. అది స్తంభానికి రెండు వైపులా చాచి దూలాన్ని పట్టడం వల్ల రెండు స్తంభాల మధ్య దూలం గాలిలో ఉండే పొడవు తగ్గుతుంది, అదే మందం దూలం ఎక్కువ బరువు మోయగలుగుతుంది. నగిషీ తరవాత వచ్చి చేరిన సొగసు.

స్తంభం పాదం విషయంలోనే రెండు ప్రాంతాల మధ్య స్పష్టమైన తేడా కనిపిస్తుంది. దల్మా పల్లెల్లో పంచ స్తంభాన్ని చాలావరకు నేలలోనే పాతుతారు. పాతే కొసను నిప్పుల్లో పైపైన మాడ్చడం వల్ల చెదలూ బూజూ కొంత ఆలస్యంగా పడతాయి. సాల్ చేవ గట్టిది, బంకతో నిండినది కాబట్టి మామూలు కర్ర కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయినా నేలకూ గాలికీ మధ్య ఉండే జానెడు భాగం ముందు పోతుంది. మండువాలో స్తంభం రాతి దిమ్మ మీద నిలుస్తుంది. దిమ్మ మీద నీరు నిలవదు, చెదలు ఎక్కితే దారి కంటికి కనిపిస్తుంది. 12, 13 శతాబ్దాల్లో ఇంగ్లండు వడ్రంగులు కనుగొన్న పరిష్కారం సారాంశంలో ఇదే. అయితే దానికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. పాతిన కంబం గాలికి తనంతట తాను నిలుస్తుంది. దిమ్మ మీద పెట్టిన కంబం పక్కకు ఒరగకుండా ఆపేది మరేదో ఉండాలి.

ఆ మరేదో ఏమిటన్నది ఈ సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం. ఇంగ్లండు చట్రంలో స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా వంపు కర్రలు వేసి త్రికోణాలు చేస్తారు. త్రికోణం తన ఆకారం మార్చుకోదు కనక ఇల్లు ఒరగదు. సాల్ మండలపు ఇళ్లలోనూ మండువాలోనూ ఏటవాలు కర్ర దాదాపు కనిపించదు. పక్క ఒత్తిడిని ఆపేది వెనుకనున్న మందపాటి మట్టిగోడ. పంచ దూలాల లోపలి కొసలు ఆ గోడలోకి దిగి ఉంటాయి. అంటే నిలువు బరువు చట్రానిది, అడ్డపు ఒత్తిడి గోడది. పని పంచుకున్నారు. దీన్నిబట్టి గోడ వట్టి తెర మాత్రమే అన్న నిర్వచనాన్ని ఇక్కడికి యథాతథంగా తేవడం కుదరదు. మట్టి ఇల్లు అన్న పేరూ సగమే నిజం.

మండువాకు సొంత బలహీనత ఒకటుంది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలుతాయి కాబట్టి నడిమి వాకిలి నాలుగు మూలల్లో రెండేసి వాలులు కలిసే లోయలు ఏర్పడతాయి. అక్కడ మూలవాసం అన్నిటికన్నా పొడవైనది, బరువైనది, పక్క వాసాలన్నీ దాని మీదే వాలతాయి. పెంకులను ఏటవాలుగా కోసి పేర్చాల్సింది కూడా అక్కడే. మూలల్లో పడే వాననీరంతా ఆ లోయల గుండా దిగుతుంది. అందుకే పాత మండువాలో మరమ్మతుకు వచ్చిన వడ్రంగి మొదట మూలవాసం కింది కొసను గుచ్చి చూస్తాడు. తక్కిన కొయ్య వందేళ్లు నిలిచినా ఆ కొస ముందుగా మెత్తబడుతుంది.

చూడండి: బోదె, నిట్రాడు, మూలవాసం

కప్పు

పల్లె ఇంటికి తొలి కప్పు వరిగడ్డి లేదా అడవి గడ్డి, తీరంలో తాటాకు. నాటు పెంకు వచ్చాక చట్రమే మారింది. ఖప్రా అని మాంగో వైపు, గూనపెంకు అని తెలుగు నేల మీద పిలిచే ఈ పెంకును కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి, కాలుస్తాడు. బోర్లా వరస, వెల్లకిలా వరస కలిపి పేరిస్తే కప్పు బరువు గడ్డి కప్పు కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాంతో వాసాలు దగ్గరపడ్డాయి, వాటి మీది అడ్డ బద్దలైన పెండెలు మందమయ్యాయి, దూలాలు లావెక్కాయి. మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో మొదలుపెట్టిన పెంకుల కర్మాగారం నమూనాలో తయారైన చదును పెంకులు, తెలుగువాళ్లు బెంగళూరు పెంకులనేవి, మరో మార్పు తెచ్చాయి. అవి ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుంటాయి కాబట్టి కింది బద్దలు నిక్కచ్చిగా సమాన దూరంలో, సూటిగా ఉండాలి. వంకర కొమ్మకు అక్కడ చోటు లేదు, రంపపు కర్ర కావాలి. జార్ఖండ్–బెంగాల్ వైపు రాణిగంజ్ పెంకులు ఇదే మార్పును తెచ్చాయి. కప్పు మీది వస్తువు ఎక్కడో ఫ్యాక్టరీలో మారితే పల్లెలో వడ్రంగి పని మారిపోయింది.

నిప్పు భయానికి సాల్ మండలం దక్షిణ భాగంలో, గంజాం చుట్టుపక్కల, ఒక మందు ఉంది. గడ్డి కప్పు కింద దూలాల మీద వెదురు పరిచి మట్టి పొర వేసే ఆటు ఇది. పై గడ్డి కాలిపోయినా లోపలి సామాను, గాదెలోని గింజలు మిగులుతాయి.

చూడండి: గూనపెంకు, ఆటు

ఇంటి అమరిక, గోడల పూత

సంతాల్ ఇల్లు ఊరి నడిమి వీధి కుల్హికి ఎదురుగా తెరుచుకుంటుంది. నడుమ రాచా అనే వాకిలి, చుట్టూ గదులు, కొట్టాలు, గోడ వెంట పిండా అనే అరుగు. ఇంటి లోపల పూర్వీకులకు ప్రత్యేకించిన మూలను సంతాల్‌లు భితర్ అంటారు, హో ఇళ్లలో ఆదింగ్ అనే లోపలి గదికి ఆ గౌరవం. సోహ్రాయి, బాంద్‌నా పండుగల ముందు ఆడవాళ్లు గోడలను మళ్లీ మెత్తి, అడుగున నలుపు, పైన ఎరుపు, తెలుపు, మట్టి రంగుల పట్టీలు వేస్తారు. ఈ రంగు గోడల ఫొటోలు పుస్తకాల్లో, పర్యాటక ప్రచారంలో బాగా వచ్చాయి. అయితే ఫొటోలో కనిపించేది గోడ, ముందు నిలబడ్డ స్తంభం కేవలం పటం అంచులా ఉండిపోతుంది. అడుగు నల్ల పట్టీకి నిర్మాణపరంగా ఉపయోగం ఉంది. చూరు నీరు నేల మీద పడి చిమ్మే ఎత్తు అది, ఏటా పూత పడే చోటు. చూరు ఎంత ముందుకు వస్తే గోడ అంత కాలం నిలుస్తుంది. చూరును ముందుకు మోసేది పంచ స్తంభమే.

చూడండి: సోహ్రాయి చిత్రకళ

వర్గీకరణపై అభ్యంతరాలు

ఈ ఇళ్లను కొయ్యచట్రపు ఇళ్లుగా లెక్కించడంపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఆ మాట ఉత్తర ఐరోపా కట్టడాలకు పుట్టినది, ఇక్కడ వాడితే పరాయి చొక్కా తొడిగినట్టవుతుందన్నది. దీనికి జవాబు ఇంగ్లండులోనే ఉంది. డెవన్ ప్రాంతపు పాత రైతు ఇళ్ల గోడలు కాబ్ అనే గడ్డి కలిపిన మట్టివి, మందం మన పల్లె గోడలంతే ఉంటుంది. వాటి లోపల కప్పును మోసేది వంపు తిరిగిన ఓక్ జంట కర్రలు. ఆ జంట కర్రల కొసలు చాలా ఇళ్లలో నేల దాకా కూడా రావు, మట్టిగోడలో సగం ఎత్తున దిగి ఉంటాయి. అయినా ఆంగ్ల పరిశోధకులు వాటిని వంపు చట్రపు ఇళ్ల జాబితాలోనే నమోదు చేశారు. దేశమంతటా అలాంటి ఇళ్లు నాలుగు వేలకు పైగా ఉన్నాయని చెప్పే లెక్కలో డెవన్ మట్టి ఇళ్లూ కలిసే ఉన్నాయి. గోడ మట్టిదైనా చట్రం చట్రమేనన్న నియమం అక్కడ చెల్లితే సింగ్‌భూంలో చెల్లకపోవడానికి కారణం కనిపించదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. చాలా ఇళ్లలో వెనుక గోడ కప్పును నిజంగానే మోస్తుంది కదా అన్నది. మోస్తుంది. మూడో తరగతిని ఈ వ్యాసం చట్రపు ఇళ్ల నుంచి వేరుచేసింది కూడా అందుకే. రెండో తరగతిలో మాత్రం పంచ, వసారాల బరువు స్తంభాలదే. రైతు ఇంట్లో దినచర్య ఎక్కువగా సాగేది అక్కడే. వడ్లు దంచడం, పశువులకు మేత కోయడం, అతిథి కూర్చోవడం, రాత్రి నిద్ర, అన్నీ పంచ కిందే. ఇంటి వైశాల్యంలో సగానికి దగ్గరగా ఉండే భాగాన్ని వదిలి, వెనుక గోడను చూసి ఇంటికి పేరు పెట్టడం సరైన లెక్క అనిపించుకోదు. అయితే పూర్తి చట్రం అన్న పేరు కూడా ఈ తరగతికి అతిశయోక్తి అవుతుంది. మిశ్రమ చట్రం అన్నదే న్యాయం.

మూడోది మన్నికకు సంబంధించినది. పాతిన కంబాల ఇల్లు 30, 40 ఏళ్లకు మారిపోతే దాన్ని ఆరు శతాబ్దాల బేలీఫ్ పక్కన పెట్టడం ఏమిటన్నది. వర్గీకరణ కట్టే విధానాన్ని బట్టి ఉంటుంది, వయసును బట్టి కాదు. ఇంగ్లండులోనూ పాతిన కంబాల ఇళ్లన్నీ పోయాయి, మిగిలినవి పాదం మార్చుకున్న ఇళ్లే. మన మండువాలు అదే మార్పు చేసుకున్నాయి, కనకనే వాటిలో వందేళ్లు దాటినవి కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ కాపురాలతో ఉన్నాయి. పైగా ఒక ఇంటి కర్ర మరో ఇంటికి పోయే అలవాటున్న చోట కట్టడం వయసు, కర్ర వయసు వేర్వేరు. టేకు కర్రలో ఏడాది వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, వాటితో పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ పాత రుతుపవనాల చరిత్రను చదివింది. సాల్‌లో వలయాలు అంత తేటగా ఉండవు. అందుకని దల్మా ఇళ్ల వయసును కర్రను బట్టి కట్టడం టేకు కర్రతో కట్టిన మండువాల వయసు కట్టినంత సులువు కాదు.

చూడండి: కాబ్ గోడ, వంపు చట్రం

లెక్కలు, పథకాలు, ప్రస్తుత స్థితి

పేరులో ఏముందని తోసేయడానికి వీల్లేని చోటు జనాభా లెక్కలు. 2011 లెక్కల్లో ఇంటిని గోడ, కప్పు, నేల అన్న మూడు వస్తువులతో నమోదు చేశారు. గోడకు కొయ్య ఒక గడి, మట్టి మరో గడి. కప్పులో చేతి పెంకు వేరు, యంత్రపు పెంకు వేరు. గోడ మట్టిదై, దాని ముందు సాల్ స్తంభాల వరస ఉన్న ఇల్లు మట్టి గడిలో పడింది. బరువు మోసే చట్రానికి ఆ పట్టికలో గడే లేదు. దాంతో తడికెల గోడ మీద మట్టి మెత్తిన పూర్తి చట్రపు ఇల్లూ, మందపాటి గోడల మాట్‌కోఠా కూడా ఒకే అంకెలో కలిసిపోయాయి. 2016లో మొదలైన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్హతను ప్రధానంగా కచ్చా గోడ, కచ్చా కప్పు అన్న కొలతతో నిర్ణయించింది. కనీసం 25 చదరపు మీటర్ల పక్కా ఇల్లు దాని లక్ష్యం. జార్ఖండ్ ప్రభుత్వం 2023లో ప్రకటించిన అబువా ఆవాస్ మూడు గదుల ఇంటికి డబ్బిస్తుంది. వానకు కారని, పాముకు సందివ్వని ఇల్లు కోరుకునే కుటుంబానికి ఈ సాయం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు, పాత ఇంట్లో ఉండమని ఎవరూ ఎవరికీ చెప్పే హక్కు లేదు. అయితే పాత ఇంటిని మరమ్మతు చేసుకునేవాడికి, అంటే పంచ స్తంభాల కింద రాతి దిమ్మలు పెట్టి, మూలవాసం కొస మార్చుకోవాలనుకునేవాడికి, ఈ లెక్కల్లో తగిన గడి లేదు. ఇల్లు మొత్తం కచ్చా అయితే కూల్చడం, పక్కా అయితే వదిలేయడం, ఈ రెండు దారులే మిగిలాయి.

మట్టి, కొయ్య కలిసిన కట్టడానికి భారతీయ ప్రమాణాల సంస్థ సాంకేతిక మద్దతు కొంత ఇచ్చింది. మట్టి కట్టడాల భూకంప నిరోధకతపై 1993లో వెలువడిన ఐఎస్ 13827 మార్గదర్శకం, గోడలో అడ్డంగా కొయ్య పట్టీలు వేసి మూలల్లో కలపమంటుంది. కాశ్మీరులో కొయ్య చట్రంలో రాళ్లు, మట్టి నింపే ధజ్జీ గోడలు 2005 భూకంపంలో చుట్టుపక్కల వట్టి రాతి గోడల కన్నా మెరుగ్గా నిలిచాయి. తీరంలో అనుభవం వేరుగా ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ తుఫాను తరవాత ప్రభుత్వమూ జనమూ స్లాబ్ ఇంటినే నమ్మారు. ఉప్పెన నీటికి ఏ తాటాకు కప్పూ నిలవదు కాబట్టి ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం. గాలి ఒక్కటే ప్రమాదమైన చోట చుట్టిల్లు లెక్క వేరుగా ఉంటుంది.

మాంగో ఇప్పుడు మునిసిపల్ కార్పొరేషన్. టాటా కంపెనీ లీజుకు తీసుకున్న భూమి హద్దుల అవతల, ఏటి వంతెన దాటగానే మొదలయ్యే ఆ ఊరిలో ఆజాద్‌నగర్, ఉలిడీ, పార్డీ, డిమ్నా రోడ్డు వెంట అపార్ట్‌మెంట్లు పెరిగాయి. టాటా టిస్కాన్ కడ్డీలు, సిమెంటు, రంగు రేకు దొరకని వీధి లేదు. స్తంభాలకు సాల్ బదులు సిమెంటు కంబాలు, వాసాలకు ఇనుప గొట్టాలు వాడి అదే కొలతలతో పంచ వేసిన ఇళ్లు డిమ్నా దాటాక కనిపిస్తాయి. అక్కడ చట్రం అలాగే ఉంది, వస్తువు మారింది. దల్మా అభయారణ్యం హద్దుల లోపల కర్ర కొట్టడం నిషేధం కనక సాల్ దూలం కావలసినవాడు పాత ఇల్లు విప్పుతున్నవాడి దగ్గర కొంటాడు. కోస్తాలో మండువా స్తంభాలకూ ఇలాంటి బేరమే నడుస్తోంది. అయితే అక్కడ కొనేవాళ్లలో రిసార్టులు, ఫామ్‌హౌసులు ఎక్కువ. బోదెలతో సహా విప్పి తీసుకెళ్లిన స్తంభాలను హాలులో స్లాబు కింద, ఏ బరువూ లేకుండా నిలబెడుతున్నారు.

చూడండి: ప్రధానమంత్రి ఆవాస్ యోజన, ధజ్జీ గోడ, దల్మా అభయారణ్యం